మా కారు తుమ్ముతోంది మామా

శింగనమల,
బుధవారం.

తిప్పేస్వామి మామకు,

సుష్మ నమస్కారాలు. నా ఫోన్ అమ్మ బీరువాలో ఉంది. అందుకే ఈ ఉత్తరం రాసి, అనంతపురం బస్సు డ్రైవర్ దాసప్పన్నకి ఇస్తున్నాను. ఇదే నా మొదటి లెటర్. తప్పులుంటే ఇంగ్లీష్ మీడియం అని సర్దుకో.

మామా, నువ్వు మా కారులో పెట్రోలు పంపు మార్చిన దగ్గర్నుంచి అది సరిగ్గా స్టార్ట్ కావడం లేదు. పొద్దున్నే తాళం తిప్పితే ‘హచ్’ అని అదిరి ఆగిపోతుంది. రెండోసారి తిప్పితే ఏమీ ఎరగనట్టు స్టార్ట్ అవుతుంది. ఇంజిన్ వేడి మీదుంటే ఏ గొడవా లేదు.

నాయన పెళ్లికి పోయినప్పుడు నేనూ నా ఫ్రెండ్ పద్మప్రియా దొంగతనంగా కారు తీశామని, పెట్రోలు అయిపోయినా తిప్పి తిప్పి చెరువు కట్ట మీద పంపు కాల్చేశానని మన ముగ్గురికే తెలుసు. నాయనకు తెలిస్తే నేరుగా విజయవాడ హాస్టలే. అమ్మ అప్పుడే అప్లికేషన్ కూడా తెప్పించింది. అక్కడ తెల్లారకముందే లేపి లెక్కలు చేయిస్తారంట! త్వరగా వచ్చి బాగుచెయ్, ప్లీజ్.

భయం భయంగా,
సుష్మ

తా.క. చదివి చింపెయ్. ముక్కలు మీ షాపు ముందర పడెయ్యకు. నాయన అనంతపురం వస్తే టీ తాగేది అక్కడే.

అనంతపురం,
గురువారం.

సుష్మమ్మకు మామ దీవెనలు.

భయపడొద్దు. జబ్బు దొరికినాది. పంపులో చిన్న వాల్వు ఉంటాది. బండి ఆపినాక పైపులో పెట్రోలు వెనక్కి జారకుండా పట్టేది అదే. ఈ కొత్త పంపులో అది సరిగా పట్టడం లే. రాత్రికి పెట్రోలంతా ట్యాంకులోకి దిగిపోతాది. పొద్దున ఇంజినుకు గుక్కెడు కూడా అందదు. అందుకే దగ్గుతాది.

వేరే పంపు చెప్పి పెట్టినా. అది వచ్చేదాకా ఇట్ల చేయల్ల: తాళం సగం తిప్పి ఆగితే వెనక సీటు కింద ‘జుయ్’మని శబ్దం వస్తాది. అది ఆగినాక పూర్తిగా తిప్పితే దగ్గదు. మీ నాయనకు చెప్పు.

మామ

తా.క. నీ ఉత్తరం చింపబోతాంటే మీ అత్త చూసినాది. ఎవరో గిరాకీ రాసిన కంప్లెయింటని చెప్పినా. “ఆడపిల్ల చేతిరాత మాదిరి ఉండాదే” అనింది. నిన్నటి నుంచి నాకు అన్నం లే.

శింగనమల,
శుక్రవారం.

మామా,

నాయనకు నేనెలా చెప్పాలి? “సీటు కింద శబ్దం సంగతి నీకెట్ల తెలుసే?” అంటే ఏం చెప్పను?

అదలా ఉంచు. ఈ రోజు పెద్ద సంగతి జరిగింది. నాయన నల్లమాడ పోవాలని కారెక్కి తాళం తిప్పాడు. ‘హచ్!’ వసారాలో కూర్చున్న బయమ్మవ్వ అరిచింది.

“ఒరేయ్, బండి తుమ్మినాది! దిగు!”

“అది ఇంజినమ్మా. దానికి ముక్కు యాడుండాది?”

“ముక్కు లేకుండానే ఇంత గట్టిగా తుమ్మినాదంటే, ఉండింటే ఏమయ్యేది? దిగురా!”

నాయన దిగి, కాళ్లు కడుక్కుని, మంచినీళ్లు తాగి కూర్చున్నాడు. ప్రయాణం క్యాన్సిల్! రెండు తుమ్ములైతే పోవచ్చంట. ఒంటి తుమ్ము మాత్రం పనికిరాదంట.

ఇప్పుడు అసలు విషయం విను. సోమవారం పొద్దున్నే నన్ను ఇదే కారులో విజయవాడ తీసుకుపోయి చేర్చాలని అమ్మ పట్టుబట్టింది. అందుకని మామా, నువ్వు రావద్దు. ఏమీ బాగుచేయొద్దు. నాయనకు ఏమీ చెప్పొద్దు. నీ కాళ్లకు మొక్కుతాను.

సుష్మ

తా.క. పొరపాటున కూడా రెండుసార్లు తుమ్మకూడదు. అలా సెట్ చేయడం కుదురుతుందా?

అనంతపురం,
శనివారం.

సుష్మమ్మా,

దాసప్ప నిన్న డ్యూటీకి రాలే. నీ ఉత్తరం ఇప్పుడు సాయంత్రం అందినాది. పొద్దునే మీ నాయన టీకి వస్తే పిలిచి, సగం తిప్పి ఆగేదంతా వివరంగా నేర్పించినా. నీ పేరు తియ్యలే. బండికి వయసైపోయినాదని చెప్పినా. ఇంక అది దగ్గదు, తుమ్మదు.

నేనేం చేసేది చెప్పు? మంచి చేయబోతే ఇట్లయింది.

మామ

తా.క. ఆ హాస్టల్లో ఆదివారం కోడికూర పెడతారంట. కనుక్కున్నా.

శింగనమల,
సోమవారం.

మామా! మామా!

నీ వైద్యం ఫెయిల్!

డిక్కీలో పెట్టె, పరుపు, కొత్త బకెట్టు, ఊరగాయ జాడీ అన్నీ ఎక్కించారు. నేను వెనక సీట్లో ఏడుస్తున్నాను. నాయన అద్దం సర్దుకుని తాళం తిప్పాడు. ‘హచ్!’ ఒక్కటే!

“దింపు పిల్లను!” అని అవ్వ.

“సాయంత్రం పోతాంలే అత్తా” అని అమ్మ.

“చదువుకు పోతాంటే తుమ్మినాది. ఇంగ ఆ పక్క తలకాయ గూడా పెట్టొద్దండి.”

నాయన ఠక్కున దిగి, జాడీ తనే లోపలికి మోసుకుపోయాడు. నన్ను అనంతపురంలోనే చేరుస్తాడంట. రోజూ దాసప్పన్న బస్సులో పోయి రావచ్చు. ఈ రాత్రి రెండుసార్లు అన్నం పెట్టించుకున్నాను మామా.

ఇన్నేళ్లుగా మెకానిక్‌వై ఉండి, నాయనకు తాళం తిప్పడం కూడా నేర్పలేకపోయినందుకు చాలా చాలా థాంక్స్.

సంతోషంతో,
సుష్మ

తా.క. బకెట్టు అవ్వ తీసేసుకుంది.

అనంతపురం,
మంగళవారం.

సుష్మమ్మకు,

నువ్వు ఈడనే ఉంటాండావంటే నాకూ శానా సంతోషం. కానీ నా పనిని తక్కువ చేస్తే మాత్రం ఊరుకోను. శనివారం ఏం జరిగినాదో విను.

నేను అంతా నేర్పించినాక మీ నాయన టీ గ్లాసు పట్టుకుని నా పక్కకు జరిగినాడు. తర్వాత అడిగినాడు.

“ఏమప్పా తిప్పేస్వామీ, ఆగకుండా తిప్పితే?”

“తుమ్ముతాది బావా.”

“గ్యారంటీనా?”

“పొద్దున పూటయితే గ్యారంటీ.”

“ఒకసారా, రెండుసార్లా?”

“ఒకసారే.”

మిగిలిన టీ పారబోసి, రోడ్డు దాటి పోయినాడు. పోయినోడు మళ్లా వెనక్కొచ్చినాడు.

“ఒకసారే కదప్పా?”

ఇట్లు,
పని తెలిసిన మీ మామ

తా.క. వేరే పంపు వచ్చినాది. రేపొచ్చి బిగిస్తానని మీ నాయనకు ఫోన్ చేసినా. విజయవాడలో అడ్మిషన్లు మూసేదాకా ఆ పక్కకు రావొద్దన్నాడు.