నీ పడవకు పసుపు కనెక్టర్

అన్నా,

నువ్వు పోయి నేటికి ఏడాది. నీ రిమోట్ పడవకు, వైర్లను కలిపే కనెక్టర్ వేయించాను. వద్దనడానికి నువ్వు లేవు.

మగ్గం మీద పోగులు అతికినట్టే బ్యాటరీ వైర్లను మోటారు వైర్లతో వేళ్లతోనే మెలిపెట్టేవాడివి. "నేనేసిన అతుకు ఎన్నడన్న ఊడిందారా?" అనేవాడివి. మగ్గం మీద ఊడలేదు. పడవలో మాత్రం సరిగ్గా చెరువు నడుమకు పోయాకే ఊడేది. నువ్వు ఈదుకుంటూ పోయి పడవను తెచ్చేవాడివి. నేను తువ్వాల పట్టుకుని ఒడ్డున నిలబడేవాణ్ని.

భువనగిరి దుకాణంలో నేను చిన్న ఎర్ర కనెక్టర్ తీసుకోబోయాను. "గది ఆగదన్నా, మీ మోటరు గుంజే కరెంటుకు కరిగిపోతది. గీ పసుపుది తీస్కో, ఉల్టా పెడ్దామన్నా పట్టది" అన్నాడు దుకాణదారు. రంధ్రాలున్న సగాన్ని బ్యాటరీకి, పిన్నులున్న సగాన్ని మోటారు వైపు అతికి ఇచ్చాడు. బ్యాటరీకి పిన్నులు పెడితే, ఏ ఇనుప ముక్క తగిలినా నిప్పు లేస్తుందట.

వదిన చూసి, "గాయన చేతితోని చుట్టింది గదా, గట్లనే ఉంచకపోయినవా?" అంది.

"నాకు ఈత రాదు వదినా" అన్నాను.

సాయంత్రం మోత్కూరు చెరువులో వదిలాను. పడవ అవతలి గట్టు దాకా పోయి, తిరిగి నా కాళ్ల దగ్గరికి వచ్చింది. కనెక్టర్ ముట్టుకుని చూశాను, వేడెక్కలేదు.

అలవాటు కొద్దీ తువ్వాల తీసుకెళ్లాను. పొడిగానే మడిచి ఇంటికి తెచ్చాను.

నీ తమ్ముడు