భాభీ వేలు పెట్టిన పేరు

జూలై 9, గురువారం. పొద్దుటి నుంచీ మబ్బు. బట్టలు ఉతికి తాడు మీద ఆరేశాను.

యూసుఫ్ భాయ్, నువ్వు పోయి నేటికి ఏడాది. మనూర్ వైపు ఊళ్లు తిరిగి నువ్వు తెచ్చిన యక్షగానం రాతప్రతులను ఇప్పుడు ఎవరైనా ఫోనులో చదువుకోవచ్చు. వీడియోలు చూసి, వాటిని ఇంటర్నెట్‌లో పెట్టే పని నేర్చుకున్నాను. ఒక మాట మీద వేలు పెడితే, అది ఏ ఊరి ప్రతిలో ఎలా ఉందో కింద కనిపిస్తుంది. ఆ తేడాలన్నీ నువ్వు పట్టినవే. సంపాదకుడి పేరు అడిగిన చోట మాత్రం నా పేరొక్కటే రాశాను. ఇద్దరి పేర్లకూ చోటుంది.

సాయంత్రం చూపించడానికి మీ ఇంటికి వెళ్లాను. భాభీకి ఉర్దూ తప్ప తెలుగు చదవడం రాదు కదా.

"నీ దోస్తు చాయ్ చల్లారవెట్టుకొని గీ కాగితాలల్లనే ఉంటుండె. ఎంత తిట్టిన్నో! ఇగ ఆయన పేరు ఏడుందో చూపియ్ భాయ్" అంది.

నేను తెరను పైకీ కిందికీ జరుపుతూ కూర్చున్నాను. మొదట్లో పెద్ద అక్షరాల్లో ఉన్న నా పేరు మీద ఆమె వేలు పెట్టింది.

"గిదేనా?"

"అవును భాభీ" అన్నాను.

ఆమె కొంగుతో ఫోను అద్దం తుడిచి, ఆ పేరునే మళ్లీ చూసింది. "మంచిగ రాసినవ్" అంది.

చాయ్ తాగకుండానే వచ్చేశాను. ఇప్పుడు ఆ చోట నీ పేరు రాసి, నాది దాని కింద పెట్టాను. రేపు మళ్లీ వెళ్లాలి. ఇవాళ ఆమె చూసింది ఎవరి పేరో కూడా చెప్పాలి.

వాన మొదలైంది. బట్టలు ఇంకా తాడు మీదే—