కళ్లు మూసుకుని పాడిన అక్కకు

మేడ్చల్ నుంచి

అక్క సత్తెమ్మకు చెల్లెలు సుగుణ దండం పెట్టి రాస్తున్నది. మేమిద్దరం ఇక్కడ బాగానే ఉన్నాం. బర్రె ఈనిందని, ఆడదూడేనని, నువ్వు కాళ్లనొప్పులు తగ్గి తిరుగుతున్నావని బావ ఫోన్‌లో చెప్పాడు. సంతోషం. శనివారం భజనకు పోతున్నావా అని అడిగితే మాత్రం ఆయన వెంటనే వానల గురించి మాట్లాడాడు. పోవడం లేదని అర్థమైంది.

ఫోన్ ఉండగా కాగితం ఎందుకు అనుకోకు. ఫోన్‌లో నేనేం చెప్పినా నీకు సరిగా వినపడదు, "ఆ, ఆ" అంటావు. తర్వాత బావ అందుకుని "ఏమన్నవ్, మల్ల చెప్పు" అంటాడు. బియ్యం సంగతి, వానల సంగతి రెండుసార్లు చెప్పొచ్చు. ఇప్పుడు రాసేది బావ నోటి మీదుగా నీకు చేరాల్సింది కాదు. నువ్వు ఏడో తరగతి దాకా చదివావు, నిదానంగా చదువుకో.

ముందు ఇక్కడి సంగతులు. మేం వచ్చి ఏడు నెలలైంది. మేడ్చల్ పట్నమూ కాదు, ఊరూ కాదు. ఒకవైపు లారీలు, ఇంకోవైపు మేకలు, మధ్యలో మా గది. నల్లా రోజు విడిచి రోజు వస్తుంది. ఇంటామె మంచిదే, కాకపోతే మనం బకెట్ ఎత్తిన చప్పుడుకు కూడా బయటికొచ్చి చూస్తుంది. మా ఆయన దుండిగల్ దగ్గర కొత్త కాలనీలో గోడలు కడుతున్నాడు. షేర్ ఆటోలో పోతాడు, సిమెంటు మొహంతో వస్తాడు, తిని పడుకుంటాడు. జొన్నరొట్టె నా చేతిది ఇక్కడ సరిగా రావడం లేదు. పిండిలో ఏదో తేడా ఉంది. నా చేతిలోనే ఉందని ఆయన అంటాడు. నీకు వీలైతే రెండు కిలోల పిండి పట్టించి ఉంచు.

ఒంటరిగా ఉందా అంటే, ఉంది. ఊర్లో నేను నడుస్తుంటే ఎవరి బిడ్డనో, ఎవరి చెల్లెలినో అందరికీ తెలుసు. ఇక్కడ నేను మూడో గది ఆమెను. మొదటి నెల బాగా ఏడుపొచ్చేది, ఇప్పుడు అంత లేదు. నువ్వు ఫికర్ చేయకు.

పనికి రావల్కోల్ పోయే దారిలో విత్తనాల షెడ్డుకు పోతున్నాను. బెల్టు మీద మక్కజొన్న గింజలు వస్తుంటాయి. పగిలినవి, నల్లబడ్డవి ఏరి పక్కన వేయాలి. ముప్పైమంది ఆడవాళ్లం. దుమ్ముకు మూతికి గుడ్డ కట్టుకుంటాం కాబట్టి కళ్లతోనే మాట్లాడుకోవాలి. మిషన్ చప్పుడులో మా అందరికీ నీలాగే వినపడదు.

మిషన్ వేసేముందు ఇక్కడొక పద్ధతి ఉంది. సూపర్‌వైజర్ మేడం పెట్టింది. ఒక నిమిషం ఎవరి దేవుడికి వాళ్లు దండం పెట్టుకోవాలి. తర్వాత వంతు ప్రకారం ఒకామె నిలబడి, మిగతావాళ్లకు ధైర్యం వచ్చే మాట ఒకటి చెప్పాలి. దానికి మాటవంతు అని పేరు. ఏడిపించే కథలు చెప్పొద్దు, అత్తను తిట్టొద్దు అని నియమం. రెండోది ఎవరూ పాటించరు.

నా మొదటి వంతు రోజు ఏం చెప్పాలో తోచలేదు. "ఏడింటికి రమ్మన్నరు, వచ్చిన," అన్నాను. అందరూ నవ్వారు. నాకు తెలియకుండానే మంచిమాట అయిపోయింది.

యాదమ్మ అని నా పక్కన నిలబడుతుంది, రావల్కోల్ ఆమె. తన వంతుకు ఇట్లా అంది: "నేను పొద్దుగాల ఎల్లమ్మకు జెప్పిన. తల్లీ, నా మోకాలు నువ్వు సూస్కో, మిగిలిన ఒళ్లంత నేను సూస్కుంట అని. ఇప్పటిదాంక నా పని నేను జేస్తున్న, ఆమెనే జర ఆలిశెం జేస్తాంది." ఖాజాబీ అని ఇంకొకామె, శామీర్‌పేట వైపు నుంచి వస్తుంది, మా అందరికంటే పెద్దది. ఆమె భర్త రెండేళ్లుగా మంచంలో ఉన్నాడు. ఆమె వంతు వస్తే, "అల్లా బియ్యం ఇచ్చిండు, పొయ్యి ఇచ్చిండు. ఉప్పేసుడు నేను మర్సిపోతే గది ఆయన తప్పైతదా? ఎవల పని ఆళ్లు జల్దీ జేస్కోవాలె," అంది. ఆ రోజంతా ఎవరు గింజ వదిలేసినా "ఉప్పు మర్సిండ్రు" అనుకుంటూ ఏరాం.

అక్కా, ఇట్లా పోను పోను నాకు పేరొచ్చింది. సుగుణ వంతు అంటే మచ్చబొల్లారం నుంచి వచ్చేవాళ్లు కూడా బస్సు తప్పకుండా వస్తారు. మా ఆయన గురక, ఇంటామె బకెట్ కాపలా, అన్నీ చెప్పేశాను. గర్వంగానే ఉండేది, దాచుకోవడం ఎందుకు. నెలన్నర కింద నా వంతు వచ్చింది. చెప్పడానికి ఏమీ మిగల్లేదు. అప్పుడు నీ గురించి చెప్పాను.

ఏ సంగతో నీకు తెలుసు. పోయిన కార్తీకంలో గుడిలో భజన. పాట అయిపోయింది, డోలక్ ఆగింది, పంతులు హారతి పళ్లెం ఎత్తాడు. నువ్వు మాత్రం కళ్లు మూసుకుని తాళాలు కొడుతూ పాడుతూనే ఉన్నావు. రెండు చరణాలు ఒక్కదానివే. అప్పటికే నీ చెవులు తగ్గుతున్నాయని నాకు తెలుసు. తెలిసి కూడా నవ్వాను. నేను నవ్వాకే మిగతావాళ్లు నవ్వారు. నువ్వు కళ్లు తెరిచి చూసి, తాళాలు కొంగులో చుట్టుకుని ఇంటికి పోయావు. పై శనివారం నుంచి కాళ్లనొప్పులు అన్నావు.

ఆ సంగతి షెడ్డులో చెప్పాను. ఊరికే చెప్పలేదు. నీలాగా కళ్లు మూసుకుని, తల ఊపి చూపించాను. ముప్పైమందీ పడీపడీ నవ్వారు. మేడం కళ్లద్దాలు తీసి కళ్లు తుడుచుకుంది.

మధ్యాహ్నం అన్నాల దగ్గర ఖాజాబీ నా ఎదురుగా కూర్చుంది. మామిడి తొక్కు నా గిన్నెలో వేస్తూ, "మీ అక్క నవ్విందా?" అని అడిగింది.

"నవ్వలే," అన్నాను.

"ఇప్పుడు భజనకు పోతదా?"

"పోదు."

ఆమె కొంచెంసేపు తిన్నది. తర్వాత, "నాకొక్కటి సమజ్ కాలే సుగుణా. మీరంత పాట బంద్ జేసిండ్రు. ఆమె ఒక్కతే పాడుతుండె. మరి గప్పుడు మీ దేవుడు ఎవల పాట ఇంటుండె?" అంది.

యాదమ్మ ముద్ద నోట్లో పెట్టుకుంటూనే, "ఇంకెవలది, అక్కదే. మీరంత టైం గాంగనె ఇంటికి బయలెల్లిండ్రు. ఆమె ఓటీ జేసింది," అంది.

ఓటీ అంటే టైం అయిపోయాక కూడా ఉండి చేసే పని. ఆ మాటకు నాకు నవ్వొచ్చింది. నవ్వుతూనే ఏడుపొచ్చింది. సిగ్గేసింది అక్కా, చాలా సిగ్గేసింది. ఏడు నెలల నుంచి నలుగురికి ధైర్యం చెబుతున్నానని మురిసిపోతున్నాను. ఉన్న ఒక్క అక్కను గుడికి రాకుండా చేసింది నేను. ఈ సంగతి నాకు కొత్తగా తెలిసింది కాదు. తెలిసే, ప్రతిసారీ "భజనకు పోతున్నావా" అని బావను అడుగుతూ వచ్చాను. పోతున్నావని ఆయన అంటే, నేను చేసింది చిన్న తప్పు అయిపోతుందని నా ఆశ.

పోయిన బుధవారం మళ్లీ నా వంతు. నిలబడి, అక్క కథలో ఒక ముక్క చెప్పలేదు అన్నాను. మొదట నవ్వింది నేనని, మా అక్క ఆ రోజు నుంచి గుడి మెట్టు ఎక్కలేదని చెప్పాను. ఎవరూ నవ్వలేదు, ఏడవలేదు కూడా. "మిషన్ ఎయ్యండి," అంది మేడం. బెల్టు కదిలింది. యాదమ్మ ఒక్కతే మూతిగుడ్డ కిందికి దింపి, "గిది మాకెందుకు జెప్తున్నవే, ఆమెకు జెప్పు," అని అరిచింది. చెబుతున్నాను. అక్కా, నాది తప్పు. నన్ను క్షమించు.

బావకు నా దండాలు చెప్పు. ఈ కాగితం ఆయనకు చూపిస్తావో లేదో నీ ఇష్టం. వీధి చివరి లచ్చవ్వకు దండాలు, నన్ను అడిగిందని విన్నాను. దూడకు పాలు సరిగా వదలండి, అన్నీ పిండుకోకండి. నువ్వు రాగిజావ తాగు, మానకు. మందులు కూడా మానకు.

వచ్చే శనివారానికి సెలవు అడిగాను, ఇచ్చారు. మధ్యాహ్నానికల్లా ఇంట్లో ఉంటాను. వంటలేమీ పెట్టుకోకు. నీ దీవెన ఈ ఉత్తరంలో అడగడానికి నాకు మొహం లేదు, వచ్చి కాళ్లకు దండం పెట్టే అడుగుతాను. పొద్దుగూకాక ఇద్దరం గుడికి పోదాం. నీ పక్కనే కూర్చుంటాను. పాట అయిపోగానే నీ మోకాలి మీద చెయ్యి వేస్తాను. ఆపాలనిపిస్తే ఆపు. ఆపకుండా పాడితే, హారతి ఆరిపోయినా సరే, నీతోపాటు నేనూ పాడతాను.

నీ చెల్లెలు
సుగుణ