ఆరున్నర పడవ

పడవల ఆఫీసు పెద్దాయనకి, రేవు పక్కింటి వలలమ్మ చెప్పి రాయిస్తున్నది.

వలలు బాగుచేయడం నా పని. ఇప్పుడు నదిలో చేపలూ లేవు, నా చేతిలో వలలూ లేవు, పేరొక్కటే మిగిలింది. పెంకుల ఫ్యాక్టరీ మూశాక మా పిల్లలు ఒక్కొక్కరే పోయారు. ఈ ఏడాదిలోనే నలభై ఒక్కమంది. అందరూ మీ పడవెక్కే, నా కళ్ళముందే పోయారు.

ఇక మిగిలింది నా మనవరాలు. అవతలి ఒడ్డున బట్టల ఫ్యాక్టరీలో కుట్టుపని. ఆరింటికి వదులుతారు. మీ ఆఖరి పడవేమో అయిదింటికి. రోజూ పని వదలకముందే లేచి వస్తోందని మేస్త్రీ గొణుగుతున్నాడు. ఆరున్నరకి ఒక పడవ వేస్తే పిల్ల నా దగ్గరుంటుంది. లేకపోతే అదీ పోతుంది.

ఇట్లు, వేలిముద్ర.

ఇంకో మాట: నది అందంగా ఉందని ఫోటోలు తీసుకునేవాళ్ళకి ఆదివారం రెండు పడవలు వేస్తున్నారు. ఆ అందాన్ని మేం రోజూ చూస్తున్నాం. కడుపు నిండటం లేదు.

*

శ్రీమతి వలలమ్మ గారికి,

తమ ఉత్తరం అందినది. ఒక్క ఏడాదిలో నలభై ఒక్కమంది యువతీయువకులు మా పడవ ఎక్కి పోయారని తెలిసి ఈ కార్యాలయం దిగ్భ్రాంతి చెందినది. మృతుల కుటుంబాలకు ప్రగాఢ సానుభూతి. తమ మనవరాలికి అదే గతి పట్టకుండా, విచారణ పూర్తయ్యేవరకు మీ రేవులో మనుషుల రాకపోకలను నేటి నుంచి నిలిపివేశాము.

భవదీయుడు, పర్యవేక్షకుడు.

గమనిక: మృతదేహాల వివరాలు మూడు ప్రతులలో పంపగలరు.

*

పర్యవేక్షకుడు గారికి, వలలమ్మ కోపంగా రాయిస్తున్నది.

పోయారంటే వెళ్ళారని, నాయనా. మీవాడు బడికి పోతే మీరు ఏడుస్తూ కూర్చుంటారా? అందరూ బతికే ఉన్నారు. ఒకడు లారీ తోలుతున్నాడు. ఒకతె ఆస్పత్రిలో నర్సు. ఎదురింటివాడు ఎక్కడో పదహారో అంతస్తుకి రంగులేస్తున్నాడు.

మా ఊరికి పడవ తప్ప దారి లేదు. మీరు ఆపిన రోజు పిల్ల అవతలే చిక్కుకుపోయింది. తోటి పనివాళ్ళ గదిలో నలుగురి మధ్య సర్దుకుని పడుకుంటోంది. రోజూ రేవుకొచ్చి చెయ్యూపుతుంది. నది వెడల్పు నాకిప్పుడు తెలిసింది. గట్టిగా అరిస్తే ‘అమ్మమ్మా’ వరకు వినిపిస్తుంది. తర్వాతి మాట వినిపించదు.

టపా పడవ మాత్రం వస్తోంది. నా ఉత్తరం నది దాటొచ్చు, నేను దాటకూడదు. ఇదేం న్యాయం?

వేలిముద్ర, గట్టిగా నొక్కినది.

ఇంకో మాట: ఇవన్నీ రాసిపెట్టేది రేవులో టికెట్లు చింపే ఆయన. నేను చెప్పిందే రాశానంటాడు. పడవ ఆగాక ఆయన ఉద్యోగం కూడా పోయింది. దానికి సానుభూతి పంపొచ్చు.

*

శ్రీమతి వలలమ్మ గారికి,

ఉత్తరం ద్వారా ఎవరూ బతికి ఉన్నట్లు రుజువు కాదు. నలభై ఒక్కమందీ వచ్చే బుధవారం స్వయంగా హాజరై సంతకం చేయవలెను. తమ ఒడ్డుకు పడవ లేనందున అవతలి ఒడ్డునే బల్ల వేయించెదము.

భవదీయుడు, పర్యవేక్షకుడు.

గమనిక: చనిపోయినవారు హాజరు కానవసరం లేదు.

*

పర్యవేక్షకుడు గారికి, వలలమ్మ.

అందరూ వచ్చారు. అక్క పెళ్ళికి సెలవు దొరకలేదన్నవాళ్ళకి కూడా, బతికున్నామని సంతకం పెట్టడానికి దొరికింది. ఊరంతా ఈ ఒడ్డున నిలబడింది. మొహాలు కంటికి ఆనలేదు. తల్లులు నడకని బట్టి పిల్లల్ని గుర్తుపట్టారు. ఎదురింటావిడ రంగులేసేవాణ్ణి చూసి, ‘వీడు కుంటుతున్నాడేంటి? నాకు చెప్పనేలేదు’ అంది. వరసలో నిలబడ్డారు, సంతకం పెట్టారు, సాయంత్రం బస్సెక్కారు. నా మనవరాలు ఆ నర్సు పక్కన చాలాసేపు కూర్చుంది.

ఇకనైనా పడవ వెయ్యండి.

వేలిముద్ర.

ఇంకో మాట: మీ గుమాస్తా గొడుగు గాలికి నదిలో పడింది. దాని సంతకం తీసుకోలేదు, అది మునిగిందని రాసుకోవచ్చు.

*

శ్రీమతి వలలమ్మ గారికి,

విచారణ ముగిసినది. సోమవారం నుంచి పడవలు నడుచును. తమ కోరిక మేరకు అవతలి నుంచి ఆరున్నరకు ఒక పడవ మంజూరు చేశాము. అందులో ఒక్క రోజైనా ప్రయాణికులు లేకపోతే రద్దగును.

భవదీయుడు, పర్యవేక్షకుడు.

గమనిక: పుస్తకంలో కొట్టివేతలు కుదరవు. కనుక ఆ నలభై ఒక్కమందీ ‘మరణించి, తిరిగి వచ్చినవారు’గా నమోదయ్యారు.

*

పర్యవేక్షకుడు గారికి, వలలమ్మ రాయిస్తున్నది.

సోమవారం మొదటి పడవకే పిల్ల వచ్చింది, బట్టలు సర్దుకోవడానికి. నర్సు పట్నంలో తన ఆస్పత్రిలోనే ఏదో పని చూపించిందట. ‘నెల రోజులు గదిలో ఉన్నాను కదా అమ్మమ్మా, అలవాటైపోయింది’ అంది. అయిదింటి పడవకి వెళ్ళిపోయింది. పెట్టె నేనే అందించాను.

మీ ఆరున్నర పడవ వేళకే వస్తోంది. మధ్యాహ్నం నేను అవతలికి వెళ్తాను. ఫ్యాక్టరీ గేటు ఎదురుగా అరుగు మీద కూర్చుంటాను. వదిలాక వచ్చే ఆడపిల్లల్ని చూస్తాను. ఆరున్నరకి ఎక్కుతాను. టికెట్ ఆయన నా ఒక్కదానికే చింపుతాడు. ఎందుకీ తిరుగుడు అని మీరడగొచ్చు. నా పిల్ల ఏ సాయంత్రమో ఇంటికి వద్దామనుకుని రేవుకొస్తే, పడవ లేదని ఎవరూ చెప్పకూడదు.

వేలిముద్ర.

ఇంకో మాట: మొన్న జ్వరమొచ్చి లేవలేకపోయాను. నేను అడక్కుండానే ఎదురింటావిడ ఎక్కింది. ఇప్పుడు పదకొండుమందిమి వంతులేసుకున్నాం. పడవలో బల్లకి ఆనుకోడానికి ఒక చెక్క వేయించండి. మాలో ఎవరికీ నిటారుగా కూర్చునే నడుము లేదు.