మూడో నీళ్లు

చిరంజీవి ఉపేందర్‌ను దీవించి, అమ్మ చెప్పి రాయిస్తున్న ఉత్తరం. మిర్యాలగూడలో నేను, మీ అక్క శైలజ, పిల్లలు బాగున్నాం. కోదాడలో నువ్వు, కోడలు ప్రమీల బాగున్నారనే అనుకుంటున్నాను. నీ ఉత్తరం నిండా ఆ రష్యా ఆయన క్షేమమే తప్ప మీ సంగతి ఒక్క ముక్క లేదు.

అడిగినవాటికి జవాబు. మోకాలు నొప్పి అట్లాగే ఉంది. కండ్లద్దాలు పెట్టుకుంటున్నాను. ఆయన మీద నువ్వు రాసిన పుస్తకం ముందుమాట అక్క రెండుసార్లు చదివి వినిపించింది. ఫోనులో చెబుదామంటే "అమ్మా, బ్రెడిఖిన్ ఏమన్నడంటే" అని ఎత్తుకుంటావు, నా మాట నోట్లోనే ఉండిపోతుంది. అందుకే ఉత్తరం.

ఆరేండ్లుగా ఆయనతోనే కాపురం చేస్తున్నావు. నూరేండ్ల కిందటే పోయిన ఆ మనిషి మన చుట్టాలకన్నా ఎక్కువైపోయాడు. తోకచుక్కల తోకలు మూడు రకాలని తేల్చాడట. మాస్కోలో, తర్వాత పుల్కోవోలో చుక్కలు చూసే కొలువుకు పెద్దయ్యాడట. "గంత పెద్దమనిషికి ఒక్కగానొక్క కొడుకు దక్కలేదంటనే" అన్నాను అక్కతో. "తోకసుక్క వల్ల కాదమ్మా గది" అంది. "నేనన్ననా?" అన్నాను. అనుకోలేదని మాత్రం చెప్పలేను.

ఇప్పుడు అసలు సంగతి. నీ పదకొండో ఏట పెద్ద తోకచుక్క వచ్చిన నెలంతా మన తుంగతుర్తి మీద మబ్బు కమ్మిందని, చూడలేకపోయిన ఆ దుఃఖమే నిన్ను ఈయన దగ్గరకు చేర్చిందని ముందుమాటలో రాశావు. సోమవారం అది సూర్యాపేట ప్రెస్సుకు పోతుందట. పోనియ్యకు. సైన్సు చెప్పే సారువు, ఉగాది ముందర మన దగ్గర నెలరోజుల మబ్బు ఎక్కడిదిరా? ఇన్నేండ్లలో ఒక్కసారన్నా అనుమానం రాలేదా?

మబ్బు లేదు. అప్పుడు నీకు అమ్మవారు పోసింది. తగ్గినాక మూడోసారి తలకు నీళ్లు పోసిందాకా పిల్లలను గడప దాటనియ్యం కదా. పొక్కులు మాడి రాలిపోయినా నేను ఆ మూడో నీళ్లు పొయ్యలేదు. "తోకసుక్క లేసిన నెలల, రోగం తగిలిన పిల్లగాండ్లను బయటికి తీస్తే దక్కరు" అని మిరపచేలో ఆడవాళ్లు అన్నారు. నువ్వు రోజూ లోపల్నుంచి అడిగేవాడివి.

"అమ్మా, మబ్బు పోయిందా?"

"లేదు బిడ్డా, పండుకో."

అట్లా చెప్పి, పొద్దుగూకినప్పుడల్లా నేను మాత్రం వాకిట్లో నిలబడి చూసేదాన్ని.

రెండు తోకలు ఉండె. ఒకటి తెల్లగా, వెడల్పుగా, వంగి. ఇంకోటి సన్నగా, నీలంగా, నిటారుగా. కళ్లారా చూసినవాళ్లు మన ఊళ్లో దొరకలేదని వాపోయావు. నన్ను అడిగావా? చదువు రానిదానికి ఏం తెలుస్తుందనుకున్నావు. మూడు రకాల్లో అవి ఏవో నువ్వే చూసుకో.

ఆ మబ్బు మాట కొట్టెయ్యి. అక్కడ మీ అమ్మ అడ్డం నిలబడ్డదని రాయి. కోపమొస్తే బస్సెక్కి వచ్చి తిట్టు. అన్నం పెట్టి, కూర్చుని వింటాను.

ఇట్లు
వేలిముద్ర వేసి పంపుతున్న మీ అమ్మ,
అలివేలు