కుడి పక్క తెర

శ్రీవారికి,

మీ ఆవిడ నమస్కరించి రాస్తున్నది. ఇక్కడ నేను, అత్తయ్య, బుడ్డది కులాసాగా ఉన్నాం. మీరూ కులాసా అని రాశారు. అది నమ్మాలో వద్దో తేల్చుకోవడానికే ఈ ఉత్తరం. ఇన్ని కాయితాలున్నాయని కంగారు పడకండి, కారణం చివర్లో చెప్తాను. ముందు ఏదైనా తిని కూచోండి.

మీరు అడిగినవాటికి జవాబులు. వంటింటి కుళాయి కారడం ఆగింది, వాషరు నేనే మార్చాను. బుడ్డది ఈత నేర్చుకుంటోంది. నీళ్ళలో కళ్ళు తెరవమంటే, "సముద్రంలో నాన్న చూస్తున్నాడుగా, నేనెందుకు చూడటం?" అంటోంది. అత్తయ్యకి మోకాలి నొప్పి తగ్గింది, నోరు మాత్రం తగ్గలేదు. "అమ్మని అడిగానని చెప్పు" అని మీరు రాసింది చదివి వినిపిస్తే, "ఆ అడిగేదేదో నాకే ఒక ముక్క రాయలేడా?" అన్నారు.

ఇక నేను అడుగుతాను. పోయిన ఆరు ఉత్తరాల్లోనూ కాయితానికి ఎడమ సగంలోనే రాసి కుడి సగం ఖాళీగా వదిలేశారెందుకు? పెళ్ళైన కొత్తలో మీరు అంచుల్లో కూడా ఇరికించి రాసేవారు. ఇప్పుడు పెళ్ళాంతో చెప్పడానికి సగం కాయితానికి సరిపడా మాటలే మిగిలాయా అనుకున్నాను. దాచుకోవడం దేనికి, ఏడ్చాను కూడా.

నా పని మీకు తెలుసు. మూడు వారాలకోసారి సరుకుల పడవలో మీ డిస్కులు వస్తాయి. మీరు ఓడలో కూచుని సముద్రం అడుగున నడిపించే కెమెరా బండి తీసిన బొమ్మల్లోంచి పనికొచ్చేవి ఏరి డాక్యుమెంటరీకి అతకాలి. వాటితోపాటు ఓడలో కంట్రోల్ రూం మాటలు కూడా రికార్డవుతాయి కాబట్టి, వాటిని వినకుండా చెరిపెయ్యాలి. ఆ రెండో పని నేను చెయ్యడం లేదు. ఎడిటింగ్ గది తలుపేసుకుని, హెడ్‌ఫోన్లు పెట్టుకుని, నాలుగు నెలలుగా ప్రతి మాటా వింటున్నాను. తప్పే. కానీ మీరు సగం కాయితం పంపితే మిగతా సగం ఎక్కడుందో నేను వెతుక్కోవాలిగా.

మీరు బండి నడిపేటప్పుడు పక్కన ఈగ వాలినా సహించరు. దగ్గాడని ఒకాయన్ని గదిలోంచి బయటికి పంపించారు. అలాంటిది, కొత్తగా వచ్చిన ఆ సైంటిస్టమ్మ కుర్చీ మీ కుర్చీకి ఆనుకుని ఉంది. నేను చూడలేదు, కానీ మీ మైకులోనే ఆవిడ ఊపిరి వినపడుతోంది. ఒకరోజు ఈ మాటలు నా చెవిన పడ్డాయి.

"ఇంట్లో చెప్పారా?"

"ఇంకా లేదు. ఆ గుడ్లు పిల్లలయ్యేదాకా ఆగు."

"ఆవిడ కనిపెట్టేస్తే?"

"దానికి తెలీదులే. అది బొమ్మలే చూస్తుంది, మాటలు వినదు."

ఇది విన్నాక ఏ ఆడది నిమ్మళంగా ఉంటుంది? ఆ పూట అన్నం సయించలేదు. అత్తయ్య ఏమైందంటే తలనొప్పన్నాను. ఆ రోజు నుంచి మీ బొమ్మల్ని ఎడిటరులా కాదు, పోలీసులా చూశాను. డైరెక్టరు గారు కూడా ఒకసారి, "ఈ మధ్య మీ ఆయన ప్రతి చేపనీ ఎడమకే పెడుతున్నారు, కొత్త స్టైలా?" అని నవ్వారు. నేనూ నవ్వాను. మనసు ఎక్కడో ఉంటే కెమెరా ఇలాగే పక్కకి పోతుందని లోపల రగిలిపోయాను.

పోయిన వారం వచ్చిన డిస్కులో, మీరు ఏళ్ళ తరబడి తీస్తున్న మన ఆక్టోపస్ తల్లి ఉంది. అదే రాయి, అవే గుడ్లు, తిండీ తిప్పలూ మానేసి వాటి మీదే కూచుంది. మీ ముందు మూడు తెరలు వరసగా ఉంటాయి, నా ముందూ అవే మూడు. కుడి పక్క తెరలోకి పళ్ళెమంత పీత ఒకటి దిగింది. గుడ్లవైపే నడుస్తోంది. నేను మామూలుగా చూస్తూనే, "ఇప్పుడు తిప్పుతారు" అనుకున్నాను. మీరు తిప్పలేదు. ఆవిడ "కుడివైపు, కుడివైపు!" అని అరిచింది. మీరు "ఎక్కడ?" అన్నారు.

ఎక్కడ ఏమిటండీ? తెరంతా అదే ఉంది కదా!

డిస్కులన్నీ మళ్ళీ పెట్టి రెండు రోజులు చూశాను. నాలుగు నెలల్లో కుడి పక్కనుంచి వచ్చినదాన్ని మీరు మీ అంతట మీరు చూసింది ఒక్కటి లేదు. ఆవిడ చెప్పిన తర్వాతే తిప్పారు. ఆవిడ మీ పక్కన కూచున్నది అందుకు. అప్పుడు పోయిన సెలవులు గుర్తొచ్చాయి. కుడి భుజం గుమ్మానికి తగిలించుకుని "ఇల్లు చిన్నదైపోయిందే" అన్నారు. బుడ్డది కుడివైపునుంచి గ్లాసు అందిస్తే తీసుకోలేదు. అలిగారనుకుని అది గదిలోకి వెళ్ళి పడుకుంది.

అత్తయ్యని అడిగాను, మామయ్య చూపు ఎలా పోయిందని. "ముందు పక్కన కూచున్నవాళ్ళు కనపడటం మానేశారు. మేం పొగరనుకున్నాం" అన్నారు. మర్నాడే కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళాను. "మనిషిని చూడకుండా ఏ జబ్బో చెప్పలేనమ్మా. కానీ పోయిన చూపు తిరిగి రాకపోవచ్చు. ఉన్నదాన్ని కాపాడాలంటే ఒక్క రోజు కూడా ఆలస్యం చెయ్యకండి" అన్నారు.

ఇప్పుడు నా నేరం. ఇంతవరకూ రాయడానికి చెయ్యి రాలేదు.

రెండు నెలల క్రితం మీ బండికి కుడివైపున్న ఇనప చెయ్యి రాతిగోడకి గుద్దుకుంది గుర్తుందా? బురద లేచి, తెరలు మూడూ తెల్లబడి, ఆవిడ కేక పెట్టింది. ఆ ముక్క డైరెక్టరు గారు చూడలేదు. డిస్కు పాడైందని అబద్ధం చెప్పి నేనే తీసేశాను. ఆవిడ మొహం చూస్తూ నడిపి గుద్దేశారనుకున్నాను. నా పరువు పోతుందని దాచాను. అప్పుడే చూపించి ఉంటే అప్పుడే మిమ్మల్ని ఒడ్డుకి పంపేవారు. రెండు నెలల చూపు నా అనుమానం తినేసింది. మీరు దాచారు సరే, నేను చేసిందేమిటి?

నిన్న ఆ ముక్క డైరెక్టరు గారికి చూపించాను. ఆయన కుర్చీలోంచి లేచిపోయారు. సరుకుల పడవ కోసం ఆగకుండా వెంటనే వేరే పడవ ఏర్పాటు చేశారు. ఈ ఉత్తరం తెచ్చిన పడవలోనే మీ బదులు బండి నడపడానికి ఆ గడ్డం పైలట్ గారు వస్తున్నారు. బండి ఆయనకి అప్పగించి, అదే పడవలో మీరు బయల్దేరండి. నాలుగేళ్ళుగా ఆ రాయి దగ్గరికి వెళ్ళి వస్తున్నారు, ఆ పిల్లలు ఈదే రోజు మీరు అక్కడ ఉండరు. దాన్ని మీ చేతుల్లోంచి లాక్కున్నది నేనే. తిట్టండి, పడతాను. కానీ ఆ బొమ్మలు వచ్చిన రోజు నా పక్కన కూచుని చూడటానికి మీకు కళ్ళుండాలి.

ఇంకొక్క అనుమానం మిగిలింది. ఈ ఉత్తరం మీరు చదువుకుంటున్నారా, సైంటిస్టమ్మ చదివి వినిపిస్తోందా? ఆవిడే అయితే, అమ్మా, నిన్ను మనసులో అనరాని మాటలన్నాను. ఇన్నాళ్ళూ ఆయనకి కుడి కన్నువి నువ్వే. క్షమించు. ఆయన మొండికేస్తే నువ్వే పడవెక్కించు.

మీరే చదువుతుంటే గమనించే ఉంటారు. కాయితాలన్నీ నిలువునా మడిచి ఎడమ సగంలోనే రాశాను. అందుకే ఇన్ని అయ్యాయి. పడవ రేవుకి వచ్చేటప్పటికి బుడ్డదాన్ని తీసుకుని మెట్ల దగ్గర ఉంటాను. దిగి వెతుక్కోకండి, మీ ఎడమ పక్కనే నిలబడతాం.

ఇట్లు,
మీ ఇల్లాలు