నాన్న మాగ్నమ్, లీఫ్ గుండె ముక్క

మోంటానా రాష్ట్రం, బిగ్ టింబర్ ఊరికి దక్షిణాన నది ఒడ్డున కాపురముంటున్న ఆర్విడ్ టోలెఫ్‌సన్ అను నేను, కీర్తిశేషుడు హాకన్ టోలెఫ్‌సన్ పెద్దకొడుకును, వయసు డెబ్బై ఎనిమిది, రెండు మెట్లెక్కితే ఆయాసం వస్తున్నా బుర్ర మాత్రం సవ్యంగా ఉండగా, ఎవరి ఒత్తిడీ లేకుండా, నా సొంత చేతిరాతతో రాసుకున్న ఆఖరి వీలునామా ఇది. ఇంతకుముందు రాసినదేదైనా బయటపడితే అది చెల్లదు. పొయ్యిలో వేసేయండి.

1. ఈ వీలునామాను అమలు జరిపే బాధ్యత మా వకీలు హార్లన్ బ్రెకీకి అప్పగిస్తున్నాను. "వీలునామాలో కబుర్లూ తిట్లూ ఉండకూడదు ఆర్విడ్, ఏది ఎవరికో రాస్తే చాలు" అన్నాడాయన. పోయేవాణ్ణి నేను, ఆయన కాదు. కబుర్లు ఉంటాయి.

2. నది ఒడ్డున ఉన్న ఇల్లు, దాన్ని ఆనుకున్న నలభై ఎకరాల గడ్డిభూమి నా తమ్ముడు లీఫ్ కూతురు సోల్వేగ్‌కు చెందవలెను. నాకూ నా భార్య డాగ్నీకీ పిల్లలు లేరు. సోల్వేగ్‌ని చూసుకుని ఆ లోటు మరిచిపోయాం. వంటగది కప్పు కారుతుందమ్మా, ముందే చెబుతున్నాను.

3. ఎముకలు కోసే రంపం పొరుగున ఉన్న వెర్నన్‌కు చెందవలెను. 1989లో "రేపు తెచ్చిస్తా" అని తీసుకెళ్లాడు. ఆ రేపు ఇంకా రాలేదు. ఎలాగూ ఇవ్వడు, కనీసం దొంగసొత్తు అనే మాటైనా పోతుంది.

4. మా నాన్న 1946లో కొన్న '.300 మాగ్నమ్' రకం పెద్ద తూటాల రైఫిల్, దాని తోలు పట్టీ, తూటాలు నింపుకునే పనిముట్లు, ఎనభై మూడు ఖాళీ ఇత్తడి గొట్టాలు, డాగ్నీ అల్లిన ఉన్ని చేతితొడుగులు లీఫ్ మనవరాలు కరీన్‌కు చెందవలెను.

కరీన్‌కు పంతొమ్మిదేళ్లు. ఈ ఏడాది మొదటిసారి ఎల్క్ దుప్పుల వేటకు వస్తోంది. పోయిన వేసవిలో ఆ రైఫిల్ ఒళ్లో పెట్టుకుని, "పెద్దతాతా, నిజం చెప్పు. ఇది ఇంకా పనికొస్తుందా, గోడకి తగిలించుకోడానికేనా?" అని అడిగింది. ఆ రోజు ఏదో గొణిగి తప్పించుకున్నాను. జవాబు ఇక్కడ రాస్తున్నాను.

పనికొస్తుంది తల్లీ. అయితే సులువుగా కాదు. దీని తూటాలు ఏ కొట్లోనూ వరసగా పేర్చి ఉండవు. బిల్లింగ్స్‌లో తుపాకుల కొట్టతను "ఇవింకా వాడేవాళ్లున్నారా పెద్దాయనా!" అని నా మొహంలోకి చూశాడు, తాతముత్తాతల కాలంనుంచి దిగివచ్చినట్టు. కాబట్టి నీ తూటా నువ్వే నింపుకోవాలి, ఒక్కొక్కటీ మందు తూచి మరీ. కొత్త మాగ్నమ్‌లు దీనికంటే దూరం కొడతాయి, దీనికంటే పొట్టిగా ఉంటాయి. ఒప్పుకుంటాను. కానీ ఈ తూటా పొడుగ్గా, చివరికి పోయేకొద్దీ సన్నగా ఉంటుంది చూశావూ, అందుకే చలికి వేళ్లు కొయ్యబారిపోయినప్పుడు కూడా తడబడకుండా లోపలికి జారుతుంది. నలభై ఏళ్లలో ఒక్కసారి కూడా ఇరుక్కోలేదు. మూడు వందల గజాలు దాటితే మాత్రం పేల్చకు. నడువు, పాకు, దగ్గరికి వెళ్లు. దగ్గరికి వెళ్లలేకపోతే ఇంటికి రా. దీనితో ఇరవై రెండు ఎల్క్‌లను కొట్టాను. ఒక్కటి కూడా గాయంతో పారిపోయి ఎక్కడో చావలేదు.

ఊళ్లో అందరూ ఇరవై మూడు అంటారు. ఇరవై రెండే.

5. కొండమీద వాగు పక్కన ఉన్న వేట గుడిసె, అందులోని ఇనుప పొయ్యి, మంచాలు, లాంతర్లు, గోడమీద పెద్ద కొమ్ములు నా తమ్ముడు లీఫ్ టోలెఫ్‌సన్‌కు చెందవలెను. దీన్ని ఇస్తున్నాను అనడం కూడా తప్పే. అది మొదటినుంచీ వాడిదే.

ఎందుకో రాస్తాను. హార్లన్, ఇది పైకి చదవాలి, గొంతు తగ్గించకుండా.

1966లో లీఫ్ కలపమిల్లు జీతంతో అప్పట్లో కొత్తగా వచ్చిన, ఏడు మిల్లీమీటర్ల తూటా పేల్చే మాగ్నమ్ కొన్నాడు. నేను నాన్న రైఫిల్ మోసేవాణ్ణి. ఇక ఇంట్లో రోజూ రభసే. "అది తుపాకి కాదురా అన్నా, నాన్న మొండితనం. దానికి కట్టె కూడా బిగించారంతే" అనేవాడు లీఫ్. నాన్న పైకి నవ్వేవాడు గానీ మనసులో నొచ్చుకునేవాడు. ఆయనకు మోకాళ్లు పోయి, గుర్రంమీద గుడిసెదాకా రావడమే తప్ప నడిచి వేటాడలేని రోజులవి. తను పాతబడితే పాతబడ్డాడు, తుపాకి కూడానా అనిపించి ఉంటుంది.

1967 అక్టోబరులో గుడిసెలో పొయ్యి దగ్గర కూర్చుని నాన్న తేల్చేశాడు. "ఈసారి పెద్ద మగ ఎల్క్‌ని పడేసినవాడిదే ఈ గుడిసె. నా పాతదానికి ఇంకా సత్తా ఉందో లేదో కూడా తెలిసిపోద్ది. ఆ తర్వాత ఇద్దరూ నోరు ముయ్యాలి."

మర్నాడు ఉదయం వాగు అవతల గట్టుమీద ఒక పెద్ద మగ ఎల్క్ కనబడింది. ఇద్దరం దాదాపు ఒకేసారి పేల్చాం. పడిపోయింది. దగ్గరికెళ్తే ఒకే ఒక్క దెబ్బ ఉంది. "నాదే" అన్నాను. "నాది కూడా అయ్యుండొచ్చు. కోస్తే తెలుస్తుందిలే" అని లీఫ్ గుర్రాల్ని తేవడానికి కిందికి వెళ్లాడు.

నేను ఒక్కణ్ణే చర్మం ఒలిచాను. అవతలి పక్క చర్మం కింద బుల్లెట్ ఆగి ఉంది. ముందుభాగం చితికి విచ్చుకుంది గానీ వెనకభాగం చెక్కుచెదరలేదు. జేబులోంచి నా తూటా తీసి పక్కన పెట్టి చూశాను. నాది లావు. ఇది సన్నం. లీఫ్‌ది.

ఇరవై నాలుగేళ్ల వెధవని. దాన్ని జేబులో వేసుకుని, కొట్టింది నేనేనని ఎల్క్ కొమ్ముకి నా వేట చీటీ కట్టేశాను. లీఫ్ తిరిగొచ్చి, "ఏమైనా దొరికిందా?" అన్నాడు. "బుల్లెట్ రెండో పక్కనించి బయటికి పోయినట్టుంది" అన్నాను. వాడు నా మొహంకేసి కాసేపు చూసి, గుర్రానికి తాళ్లు కట్టడం మొదలుపెట్టాడు.

మా ఇంట్లో ఒక పద్ధతి ఉంది. వేట గుండెను ఆ సాయంత్రమే ఉల్లిపాయలతో వేయిస్తారు. మొదటి ముక్క కొట్టినవాడిది. ఆ రోజు వండింది లీఫే. పళ్లెంలో మొదటి ముక్క వేసి నా ముందు పెట్టాడు. నాన్న తొడ చరుచుకుని "చూశారా నా ముసలిదాని సత్తా!" అని చిన్నపిల్లాడిలా సంబరపడ్డాడు. నేను తిన్నాను.

ఫిబ్రవరిలో నాన్న పోయాడు. గుడిసె నాదైంది. అప్పటినుంచి లీఫ్ ప్రతి అక్టోబరులో తన గుడిసెకి చుట్టంలా వచ్చి, కట్టెలు కొట్టి, నేల ఊడ్చి, "ఏడాదికి సరిపడా పేర్చానురా అన్నా" అని చెప్పి వెళ్లేవాడు. యాభై మూడేళ్లు. ఊళ్లో ఫలహారశాలలో ఎవరైనా పాత మాగ్నమ్‌ల గురించి వాదనకు దిగితే, అందరూ నా ఎల్క్‌ని సాక్ష్యంగా చూపించేవాళ్లు. నేను ఇంకో కప్పు కాఫీ పోయించుకునేవాణ్ణి. సిగ్గు లేని బతుకు.

6. గుడిసె దూలంమీద ఉన్న నాన్న పొగాకు డబ్బా, అందులో నేను దాచిన ఆ బుల్లెట్ కూడా లీఫ్‌కే చెందవలెను.

పై మాట సోమవారం రాశాను. ఇప్పుడు రాస్తున్నది గురువారం. బుల్లెట్‌ని ఈ కాగితాలతో జతచేద్దామని నిన్న సోల్వేగ్‌ని బతిమాలి జీపులో కొండమీదికి వెళ్లాను. నాన్న పోయాక ఆ డబ్బాలో దాన్ని దాచిననాటి నుంచి మళ్లీ మూత తీసిన పాపాన పోలేదు. నిన్న తీశాను. బుల్లెట్ ఉంది. దాని కింద మడత పెట్టిన కాగితం ఉంది. పెన్సిల్ రాత, లీఫ్‌ది.

"పొగాకు కోసం తీశాను. నాన్న ఆ రాత్రి ఎంత మురిసిపోయాడో చూశావుగా. పోనీలేరా అన్నా. అక్టోబర్ 1968."

ఆ మంచంమీద కూలబడి ఏడ్చాను. సోల్వేగ్ కంగారుపడి "ఏమైంది పెదనాన్నా?" అంటే, పొగ అన్నాను. పొయ్యి వెలిగించనే లేదు.

7. కాబట్టి నా ఆఖరి కోరిక. ఈ అక్టోబరుకు నేనుంటే నా చేత్తోనే చేస్తాను. లేకపోతే మీరు చేయవలెను. నాన్న రైఫిల్‌తో కరీన్ తన మొదటి ఎల్క్‌ని కొట్టాక, ఆ సాయంత్రం గుండెను ఉల్లిపాయలతో వేయించండి. పద్ధతి ప్రకారం మొదటి ముక్క కరీన్‌ది. ఒక్కసారికి పద్ధతి తప్పమని దాన్ని అడుగుతున్నాను. ఆ ముక్క లీఫ్ పళ్లెంలో వేయండి. ఎందుకని అడిగితే, యాభై నాలుగేళ్లు ఆలస్యమైందని చెప్పండి.

ఉప్పు తక్కువ వేయండి. వాడికి రక్తపోటు.

పైన రాసినదంతా చదువుకుని, నిజమేనని ఒప్పుకుంటూ చేసిన సంతకం:
ఆర్విడ్ హాకన్ టోలెఫ్‌సన్
బిగ్ టింబర్, సెప్టెంబర్ 9, 2021

మా కళ్లెదుట సంతకం చేశారని సాక్షులు:
1. జునీటా మార్క్వార్ట్, పోస్టాఫీసు ఉద్యోగిని
2. ఎల్డన్ రూడ్, గుర్రాలకు లాడాలు వేసే పనివాడు